‘ఉంటే’ అనే తలుపు: శోకం, పగ, సమాంతర విశ్వాల థ్రిల్లర్ ఎలా రాయాలి

చావు జరిగిన ఇంట్లో పలకరింపుకి వెళ్లి కూర్చుంటే ఒక మాట పదే పదే వినిపిస్తుంది. “ఐదు నిమిషాలు ఆగి బయల్దేరి ఉంటే.” “ఆ రోజు నేను గట్టిగా వద్దని ఉంటే.” “వేరే ఆస్పత్రికి తీసుకెళ్లి ఉంటే.” మా అన్న పోయాక మా అమ్మ నెలల తరబడి ఈ ‘ఉంటే’ల మధ్యే బతికింది. ఒక్కోదాని దగ్గర కాసేపు ఆగేది. ఆ కాసేపు అన్న ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నట్టే ఉండేది ఆమె ముఖం. సమాంతర విశ్వాల గురించి భౌతికశాస్త్రం ఏమంటుందో నేను తర్వాత చదువుకున్నాను. మనుషులు వాటికోసం ఎందుకు వెతుక్కుంటారో ఆ ముఖం చూసి ముందే తెలుసుకున్నాను.

మీరు ఇలాంటి కథ రాయాలనుకుంటే యంత్రంతో మొదలుపెట్టకండి. ఈ ‘ఉంటే’తో మొదలుపెట్టండి. కింద చెప్పే ప్రతి అడుగుకీ ఒకే ఉదాహరణ కథ వాడుతున్నాను. అది పూర్తిగా కల్పితం. విజయవాడలో సుభద్ర అనే తల్లి. పదిహేడేళ్ల కొడుకు, ఇంటర్ సెకండియర్. రాత్రి ట్యూషన్ నుంచి సైకిల్ మీద వస్తుంటే రామవరప్పాడు రింగ్ దగ్గర ఒక కారు గుద్దేసింది. సుభద్ర అమరావతిలో ఒక క్వాంటమ్ ల్యాబ్‌లో టెక్నీషియన్. శాస్త్రవేత్త కాదు. పంపులు, హీలియం సిలిండర్లు, వాల్వులు చూసుకునే మనిషి. ఇలాంటి కథల్లో ఎప్పుడూ మేధావే యంత్రం కనిపెడతాడు. రాత్రి డ్యూటీలో యంత్రంతో ఒంటరిగా ఉండేది మాత్రం టెక్నీషియన్లే. తాళాలు వాళ్ల దగ్గరే ఉంటాయి.

మొదటి అడుగు: ‘ఉంటే’ల జాబితా రాయండి

ఒక తెల్ల కాగితం తీసుకుని మీ పాత్ర మనసులో తిరిగే ‘ఉంటే’లు ఇరవై రాయండి. నేనే ట్యూషన్‌కి వెళ్లి తీసుకొచ్చి ఉంటే. సైకిల్‌కి వెనక ఎర్ర లైటు పెట్టించి ఉంటే. ఆ రోజు వాడు అడిగిన ఉప్మా చేసి ఉంటే, తినడానికి ఇంకో పది నిమిషాలు ఆగేవాడు. మొదటి ఐదూ ఎవరికైనా తడతాయి. పదో దాని తర్వాత మీ పాత్రకు మాత్రమే తట్టేవి మొదలవుతాయి. ఉప్మా అలా వచ్చిందే.

ఈ జాబితాలో ఒకదాన్ని రెండు లోకాలు విడిపోయే చోటుగా ఎంచుకోవాలి. నా సలహా, తల్లి తనను తాను నిందించుకునే ‘ఉంటే’ల్లో దేన్నీ ఎంచుకోవద్దు. ఎవరి చేతిలోనూ లేనిది తీసుకోండి. సుభద్ర కథలో అది ట్రాఫిక్ సిగ్నల్. ఈ లోకంలో ఆ క్షణాన లైటు మారలేదు. ఆ లోకంలో రెండు సెకన్ల ముందు ఎర్రగా మారింది, కారు ఆగింది, పిల్లాడు దాటిపోయాడు. తప్పంతా తనదేనని సుభద్ర కథ పొడుగునా నమ్ముతుంది. ఆ నమ్మకానికి ఆధారం లేదని పాఠకుడికి ఆమెకన్నా ముందే తెలియాలి.

రెండో అడుగు: పోయిన మనిషి లేని ఇల్లు రాయండి

ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత టెన్షన్ పెట్టినా కథ నిలబడదు. కనీసం ఇరవై పేజీలు యంత్రం ఊసే రాకూడదు.

“భోరున ఏడ్చింది” అని రాసి దాటేయకండి. చావు ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు, అది రాయండి. పలకరింపుకి వచ్చినవాళ్లు లేచి వెళ్లేటప్పుడు “వెళ్లొస్తాం” అనరు, మాట లేకుండా వెళ్లిపోతారు. పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూస్తారు. కాకి వాలకపోతే “వాడి మనసులో ఏదో ఉండిపోయింది” అంటారు. ఆ ఒక్క మాట సుభద్రను ఏడాదంతా నిద్రపోనివ్వదు. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి, కాబట్టి కన్నతల్లే కౌంటర్ దగ్గర నిలబడి కొడుకు పేరు స్పెల్లింగు సరిచూడాలి. తర్వాత రేషన్ కార్డులో పేరు తీసేయించాలి. ఫోన్‌కి రీఛార్జ్ గడువు ముగుస్తోందని మెసేజ్ వస్తుంది. మా అన్న ఫోన్‌కి అలా వచ్చిన ప్రతిసారీ అమ్మ రీఛార్జ్ చేయించేది. ఎందుకని మేం ఎవరం అడగలేదు.

ఆ ఫోన్‌ని గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ పనికొస్తుంది. మరో వస్తువు కూడా సిద్ధం చేసుకోండి. సుభద్ర ఇంట్లో గుమ్మం పక్కన గోడమీద ఏటా పుట్టినరోజుకి కొడుకు ఎత్తు చూసి గీసిన పెన్సిల్ గీతలున్నాయి. పదిహేడు గీతలు.

మూడో అడుగు: సైన్సు నేర్చుకోండి, ఆ తర్వాత ఒక్క అబద్ధం మాత్రమే ఆడండి

1957లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో హ్యూ ఎవరెట్ అనే యువకుడు పీహెచ్‌డీ కోసం ఒక విచిత్రమైన ఆలోచన సమర్పించాడు. ఒక కణాన్ని కొలిచినప్పుడు దానికున్న అనేక అవకాశాల్లో ఒకటి నిజమై, తక్కినవి మాయమవుతాయని అప్పటిదాకా చెప్పుకునేవాళ్లు. ఏదీ మాయం కాదు, అన్నీ కొనసాగుతాయి, కొలిచిన మనిషి కూడా వాటితోపాటే చీలిపోతాడు అన్నాడు ఎవరెట్. 1959లో కోపెన్‌హాగెన్ వెళ్లి, క్వాంటమ్ సిద్ధాంతానికి పునాది వేసినవాళ్లలో ఒకడైన నీల్స్ బోర్‌ని కలిసినా అక్కడ ఆదరణ దొరకలేదు. ఎవరెట్ అప్పటికే విశ్వవిద్యాలయం వదిలి అమెరికా రక్షణ శాఖ కోసం లెక్కలు కట్టే ఉద్యోగంలో ఉన్నాడు, అందులోనే ఉండిపోయాడు. 1970 నుంచి బ్రైస్ డివిట్ అనే భౌతికశాస్త్రవేత్త ఆ సిద్ధాంతాన్ని ‘అనేక లోకాలు’ అనే పేరుతో ప్రచారం చేశాడు. ఎవరెట్ 1982లో 51 ఏళ్ల వయసులో గుండెపోటుతో పోయాడు.

ఇందులో రచయితకు పనికొచ్చేవి రెండు నిబంధనలు. మొదటిది, లోకాలు చీలేది క్వాంటమ్ స్థాయి సంఘటనల దగ్గర. నేను కాఫీ బదులు టీ తాగితే కొత్త లోకం పుడుతుందని సిద్ధాంతం అనలేదు. కాబట్టి మీ చీలికకు ఒక కణం కావాలి. సిగ్నల్‌ని ఎంచుకోమన్నది ఇందుకు కూడా. అంతరిక్షం నుంచి నిరంతరం పడే కాస్మిక్ కిరణాల వల్ల పుట్టిన కణం ఎలక్ట్రానిక్ చిప్‌కి తగిలితే అందులో ఒక బిట్ సున్నా నుంచి ఒకటికి మారిపోవచ్చు. 2003లో బెల్జియంలోని స్కార్‌బేక్‌లో ఎన్నికల లెక్కింపులో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు ఎక్కువ వచ్చాయి. రెండుని పన్నెండుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య అది, అంటే ఒకే ఒక్క బిట్ తిరగబడింది. కాస్మిక్ కిరణమే కారణమై ఉండవచ్చని అనుకున్నారు. సుభద్ర కొడుకు బతికిన లోకంలో సిగ్నల్ కంట్రోలర్‌లో ఒక బిట్ మారింది. ఈ లోకంలో మారలేదు. వాడి ప్రాణానికీ చావుకీ మధ్య ఉన్న తేడా అంతే.

రెండో నిబంధన ఇంకా కఠినం. ఒకసారి విడిపోయిన లోకాల మధ్య రాకపోకలు ఉండవు. మాట కూడా దాటదు. క్వాంటమ్ సమీకరణం ‘సరళరేఖీయం’ కావడమే దానికి కారణం. ప్రతి శాఖా, అంటే విడిపోయిన ప్రతి లోకమూ, రెండోది లేనట్టే తన దారిన నడుస్తుంది. మరి కథ ఎలా? దారి చూపించింది కూడా భౌతికశాస్త్రమే. స్టీవెన్ వైన్‌బర్గ్ అనే భౌతికశాస్త్రవేత్త ఆ సమీకరణానికి కొద్దిపాటి వంపు ఉంటే ఏమవుతుందని ప్రతిపాదించాడు. అలా ఉంటే విడిపోయిన శాఖల మధ్య సందేశాలు పంపవచ్చని 1991లో జోసెఫ్ పోల్చిన్‌స్కీ చూపించాడు. దానికి ‘ఎవరెట్ ఫోన్’ అని పేరు పెట్టాడు. ప్రకృతిలో అలాంటి వంపు ఉన్నట్టు ఏ ప్రయోగంలోనూ కనిపించలేదు. మీరు ఆడబోయే ఒకే ఒక్క అబద్ధం అదే, ఆ వంపు ఉంది, చాలా స్వల్పంగా ఉంది. మిగిలిన సైన్సంతా నిజంగా ఉంచండి.

యంత్రాన్ని కూడా నిజమైనదాన్నే పెట్టండి. సూపర్ కండక్టింగ్ చిప్పులతో పనిచేసే క్వాంటమ్ కంప్యూటర్‌లో చిప్ ఉండేది డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ అనే అతిశీతల యంత్రం అడుగున. పైనుంచి కిందికి బంగారు పూత పూసిన రాగి పళ్లేలు ఒకదాని కింద ఒకటి, మధ్యలో సన్నని గొట్టాలు. తొడుగు తీస్తే తలకిందులుగా వేలాడదీసిన దీపపు సెమ్మెలా ఉంటుంది. అడుగున ఉష్ణోగ్రత పరమ శూన్యానికి (సుమారు మైనస్ 273 డిగ్రీల సెల్సియస్) పైన ఒక డిగ్రీలో వందో వంతు దాకా పడిపోతుంది, అంతరిక్షం కన్నా చల్లన. చల్లార్చే పంపు క్షణానికోసారి కిచుక్కుమన్నట్టు కొట్టుకుంటూ ఉంటుంది. ఆ చప్పుడు మధ్య ఏళ్లుగా పనిచేసిన మనిషి, ఒక రాత్రి అది లయ తప్పడం వింటుంది. కథలో సైన్స్ ఫిక్షన్ మొదలవ్వాల్సింది అక్కడ.

తర్వాత ఫోన్. మొదట తలుపు తెరవకండి, మాట మాత్రమే దాటనివ్వండి. కొడుకు ఫోన్‌కి, ఏడాదిగా ఆమె రీఛార్జ్ చేయిస్తున్న నంబరుకి, వాడే పంపిన మెసేజ్ వస్తుంది. “అమ్మా, కరెంటు పోయింది, తాళం ఎక్కడ పెట్టావ్?”

నాలుగో అడుగు: పగకు కాగితాలు చూపించండి

చాలా కథల్లో హీరో మూడో పేజీలో కత్తి పట్టుకుంటాడు. మామూలు మనిషి అంత తొందరగా పట్టుకోడు, ముందు పోలీస్ స్టేషన్‌కి వెళ్తాడు. సుభద్ర కూడా వెళ్లింది. ఇక్కడ లెక్కలు తెలుసుకుని రాయండి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. శరీరం ఆ లెక్కలో గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు తగ్గించేస్తుంది. కారు నడిపినవాడి రక్తం నాలుగు గంటలు ఆలస్యంగా తీశారంటే కేసు అక్కడే సగం పోయినట్టు. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే పాత ఐపీసీ 304-ఎ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ కింద ఐదేళ్లు. తాగి నడిపినట్టు గట్టిగా రుజువైతే ఇంకా పెద్ద సెక్షన్ పెట్టొచ్చు. ఆ రుజువే నాలుగు గంటల్లో కరిగిపోయింది. తర్వాత వాయిదాలు. చూసిన సాక్షి అడ్డం తిరగడం. నష్టపరిహారం ట్రిబ్యునల్‌లో కొడుకు బతికుంటే ఎంత సంపాదించేవాడో ఊహించి, ఆ అంకెను వయసుని బట్టి ఇంకో అంకెతో గుణించడం. తల్లి ఎదురుగా కూర్చుని ఆ గుణకారం వినే సీన్ తప్పకుండా రాయండి. పగ పుట్టేది ఆ గదిలోనే, అరుపులూ కన్నీళ్లూ లేకుండా.

ఈ లోకంలో అతను విదేశం వెళ్లిపోయాడనుకోండి, లేదా కేసు కొట్టేశాక ఏదో జబ్బుతో పోయాడనుకోండి. పగ తీర్చుకోవడానికి మనిషి లేడు. ఆ లోకంలో మాత్రం ఉన్నాడు. ఇదే కథకు అసలు మలుపు.

ఐదో అడుగు: ఆ లోకంలోని దోషిని నిర్దోషిగా ఉంచండి

ఈ అడుగు మీద మీరు ఎక్కువ రోజులు గడపాలి. ఆ లోకంలో అతను అదే రాత్రి, అంతే తాగి, అదే వేగంతో వచ్చాడు. సిగ్నల్ పడింది కాబట్టి ఆగాడు. ఎవర్నీ చంపలేదు. అతనేం చేశాడని శిక్షిస్తారు? మనిషి అదే, బుద్ధి అదే, నేరం మాత్రం జరగలేదు. అతన్ని మరీ మంచివాడిగా మార్చేస్తే కథ తేలికైపోతుంది. ఇంకా తాగి నడుపుతున్నట్టు చూపిస్తే ఆమె చంపినా ఫర్వాలేదని పాఠకుడు సర్దుకుంటాడు. రెండూ చేయకండి. ఆ రాత్రి బ్రేకు వేసి, చేతులు వణికి, కారు పక్కకు తీసి కూర్చున్నాడనీ, ఎందుకు వణికాయో అతనికీ తెలియదనీ రాయండి.

మన భారతంలో ఈ విషయం ఎంత లోతుగా ఉందో చూడండి. తండ్రి ద్రోణుడు పోయిన శోకంలో అశ్వత్థామ మర్రిచెట్టు కింద నిద్రపట్టక పడుకుని ఉంటాడు. ఒక గుడ్లగూబ వచ్చి నిద్రపోతున్న కాకుల్ని చంపడం చూస్తాడు. ఆ రాత్రే శిబిరంలో దూరి ధృష్టద్యుమ్నుడితో పాటు, ద్రోణుణ్ణి చంపడంతో సంబంధం లేని ద్రౌపది ఐదుగురు కొడుకుల్నీ చంపేస్తాడు. పగ ఎలా పుడుతుందో ఆ గుడ్లగూబ చూపిస్తుంది. థ్రిల్లర్ రాసే ప్రతి ఒక్కరూ చదవాల్సిన ఘట్టం అది. జనమేజయుడి సర్పయాగమూ అంతే. తండ్రి పరీక్షిత్తును కాటేసినవాడు తక్షకుడు. యాగంలో పడి కాలిపోయింది వేలాది వేరే పాములు. ఆస్తీకుడు అడ్డుపడటంతో తక్షకుడు బతికిపోయాడు.

ఇక భాగవతంలో అర్జునుడు అశ్వత్థామను కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తే, ఐదుగురు బిడ్డల్ని పోగొట్టుకున్న ఆ తల్లి అతన్ని వదిలేయమంటుంది. ఇంట్లో ఇతని తల్లి కృపి నాలాగే ఏడవకూడదు అంటుంది. సుభద్ర ముందు కూడా ఒక కృపి ఉండాలి. ఆ లోకంలో కారు నడిపినవాడి తల్లిని ఆమె ఒకసారి కలవాలి. ఏదో చిన్న పనిమీద, రైతు బజార్లో పక్కపక్కన నిలబడి. ఆ ముసలావిడ “మా వాడికి కాకరకాయంటే పడదమ్మా” అంటుంది, అంతే. ఆమె చేత క్షమ గురించి ఒక్క మాట కూడా మాట్లాడించకండి.

ఆరో అడుగు: ఇద్దరు సుభద్రల్ని ఎదురెదురుగా నిలబెట్టండి

తలుపు తెరిచే సమయం ఇది. ఆ లోకంలో ఇంకో సుభద్ర ఉంది, కొడుకుతో. ఈమె అక్కడ పగ తీర్చుకుని వచ్చేస్తే హత్యానేరం పడేది ఆ సుభద్ర మీద. ముఖం ఆమెదే, వేలిముద్రలూ ఆమెవే. వేలిముద్రలు కడుపులో ఉండగానే ఏర్పడతాయి, లోకాలు విడిపోయింది ఏడాది క్రితమే, కాబట్టి తేడా ఉండదు. ఆమె జైలుకెళ్తే కొడుకు తల్లి లేనివాడవుతాడు. అంటే ఈమె ఎవరికోసం పగ పట్టిందో వాడినే అనాథను చేస్తుంది. ఈ ఒక్క లెక్క సరిగ్గా కడితే మీకు వేరే విలన్ అక్కర్లేదు.

యోగవాసిష్ఠంలోని లీల కథ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. భర్త పద్ముడు చనిపోతే రాణి లీల సరస్వతి సాయంతో వేరే లోకానికి వెళ్లి, అక్కడ అతను విదూరథుడనే రాజుగా ఉండటం చూస్తుంది. అతని భార్య పేరు కూడా లీలే, రూపమూ ఆమెదే. శోకంలో ఉన్న స్త్రీ తన రెండో రూపానికి ఎదురుపడే సన్నివేశం మనకు ఎప్పటినుంచో ఉంది. ఆ కథలో ఇద్దరు లీలలూ చివరికి ఒకే చోట చేరతారు. మీ కథలో చేరనివ్వకండి.

వాళ్లిద్దరూ ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారు? తెలుగులో రాసేవాళ్లకు ఇది తప్పించుకోలేని ప్రశ్న. ‘మీరు’ అంటే నాటకంలా ఉంటుంది, మొదటి మాటకే ‘నువ్వు’ అంటే నిలదీసినట్టుంటుంది. నేనైతే బిడ్డ బతికున్న సుభద్ర చేత “అక్కా” అనిపిస్తాను. వయసులో ఒక్క రోజు తేడా లేదు. అయినా ఎదుటి మనిషిని చూడగానే ఆ పిలుపే వస్తుంది. ఏం జరిగిందో ఎవరూ చెప్పక ముందే ఆమెకు అర్థమైందని పాఠకుడికి తెలుస్తుంది.

భాషలో ఇంకో సాయం కూడా ఉంది. మనకు ‘ఈ’, ‘ఆ’ ఉన్నాయి. కథ మొదలైనప్పటి నుంచీ ‘ఈ లోకం’ అంటే కొడుకు లేనిది, ‘ఆ లోకం’ అంటే వాడున్నది అని కచ్చితంగా పాటించండి. అధ్యాయాల పేర్లలో ‘మొదటి విశ్వం, రెండో విశ్వం’ లాంటివి వద్దు. ఆమె ఆ ఇంటికి నాలుగోసారి వెళ్లినప్పుడు, ఒకే ఒక్క వాక్యంలో ‘ఆ గుమ్మం’ బదులు ‘ఈ గుమ్మం’ అని రాయండి. తిరిగి రాకూడదని ఆమె మనసులో అనుకున్న క్షణం అదే. గోడమీద పద్దెనిమిదో గీత చూసింది కూడా అప్పుడే.

ఏడో అడుగు: గడియారం పెట్టండి

థ్రిల్లర్‌కి గడువు కావాలి. బాంబులు అక్కర్లేదు, మన ఇళ్లలో గడువులున్నాయి. మూడో రోజు, పదకొండో రోజు, నెల మాసికం, సంవత్సరీకం. సుభద్ర కథ సంవత్సరీకానికి పది రోజుల ముందు మొదలవుతుంది. ఆ రోజున ల్యాబ్‌లో యంత్రాన్ని మరమ్మతు కోసం వేడెక్కించబోతున్నారు. మళ్లీ అంత చల్లబరచడానికి రోజులు పడుతుంది, చిప్ కూడా మారుస్తారు. ఆ తర్వాత ఆ లోకానికి దారి ఉండదు. ఇంట్లో బంధువులు బియ్యం, కూరగాయలు, భోక్తల ఏర్పాట్ల గురించి మాట్లాడుతుంటే ఆమె థర్మామీటర్ రీడింగులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది.

ఎనిమిదో అడుగు: ముగింపులో రెండు జాగ్రత్తలు

“అన్ని లోకాల్లో అన్నీ జరుగుతాయి, ఒక లోకంలో చంపింది, ఒక లోకంలో వదిలేసింది” అని ముగించకండి. అలా రాస్తే మూడొందల పేజీల బరువు ఒక్క వాక్యంతో గాలికి పోతుంది. మీ పాఠకుడు నడిచి వచ్చింది ఒక్క సుభద్రతోనే. ఆమె ఏం చేసిందో చెప్పి తీరాలి.

రెండోది ఇంకా ముఖ్యం. చావుని ఇంకో లోకానికి తలుపుగా ఎప్పుడూ రాయకండి. ఎవరెట్ కూతురు 1996లో ఆత్మహత్య చేసుకుంది. వేరే విశ్వంలో నాన్నను కలుస్తానేమో అన్న అర్థం వచ్చే మాట తన చివరి చీటీలో రాసి వెళ్లింది. మీ పుస్తకం చదివేవాళ్లలో ఇటీవలే ఎవర్నో పోగొట్టుకుని, రాత్రి నిద్రపట్టక పేజీలు తిప్పుతున్నవాళ్లు తప్పకుండా ఉంటారు. దాటడానికి యంత్రం కావాలి, యంత్రం ఆగిపోయాక దాటలేం, కథ మొత్తం ఈ నిబంధన మీదే నిలబడాలి.

నేనైతే ఇలా ముగిస్తాను. సంవత్సరీకం రోజు తెల్లవారుజామున సుభద్ర ఆ లోకంలో ఆ మనిషి ఇంటి ముందు కారు పక్కన నిలబడి ఉంటుంది. చేతిలో బ్రేకు గొట్టం కోయడానికి తెచ్చిన కట్టర్, ల్యాబ్ పనిముట్ల డబ్బాలోది. లోపల లైటు వెలుగుతుంది, ముసలావిడ పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తుంది. “ఎవరమ్మా?” అంటుంది. సుభద్ర కట్టర్‌ని చీర కొంగులో దాచుకుని, దారి తప్పానని చెబుతుంది. వచ్చేటప్పుడు తన ఇంకో ఇంటి ముందు ఆగుతుంది. లోపలికి వెళ్లదు. ఈ లోకానికి తిరిగొచ్చాక పిండం పెడతారు. కాకి వాలిందా లేదా అన్నది మీ నిర్ణయం. నేను రెండు విధాలా రాసి చూశాను, ఇప్పటికీ ఏది ఉంచాలో తేల్చుకోలేదు.

చివరి అడుగు: బయటికి చదవండి

డ్రాఫ్ట్ పూర్తయ్యాక నెల రోజులు పక్కన పెట్టండి. తర్వాత సైన్సు తెలిసినవాళ్ల చేత మూడో అడుగు పేజీలు, లాయరు చేత నాలుగో అడుగు పేజీలు చదివించండి. రెండో అడుగులో రాసిన ఇంటి పేజీలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, మీరే గొంతెత్తి చదవండి. ఎక్కడ గొంతు పట్టేసిందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఆ వాక్యంలో విశేషణాలుంటే తీసేయండి. ఎక్కడా పట్టకపోతే మళ్లీ మొదటి కాగితం తీసి, ఇరవై ఒకటో ‘ఉంటే’ రాయండి.